రెండు గీతలు

నా చేతిరాతలో ఎక్కువసార్లు కాగితం మీదికెక్కిన మాట ఏదని అడిగితే ఆలోచించక్కర్లేదు: నాన్ రియాక్టివ్. కడుపుతో ఉన్నవాళ్ల రక్తంలో సిఫిలిస్ జాడ కోసం వెతికి, లేదని తేలితే ల్యాబ్ టెక్నీషియన్ రాసే మాట అది. రిజిస్టర్‌లో పేరు, ఊరు, ఎన్నో నెల, హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు, షుగర్, హెచ్‌ఐవీ, ఆ పక్కన ఇది. హిమోగ్లోబిన్ అంకె మనిషి మనిషికీ మారుతుంది. ఈ గడి మాత్రం పైనుంచి కిందిదాకా ఒకటే. పని ఒత్తిడిలో కొందరు దాన్ని ‘ఎన్‌ఆర్’ చేస్తారు. ఇంకొందరు మొదటి వరుసలో ఒకసారి రాసి కిందంతా డిట్టో గుర్తులు పెడతారు. డిట్టో చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పై వరుసలో ఉన్నామె రక్తం కింది వరుసలో ఉన్నామెకు సాక్ష్యం చెప్పదు.

మాది చివ్వెంల. నల్లగొండ జిల్లాగా ఉన్నప్పుడూ, 2016 అక్టోబర్‌లో సూర్యాపేట జిల్లా అయ్యాకా ఈ చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే నా ఉద్యోగం. ఏ కేంద్రంలో ఏం జరిగిందో చెబితే మనుషులు బయటపడతారు కాబట్టి ఆ పేర్లు రాయను. విజయవాడ రహదారి మా మండలంలోంచే పోతుంది. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతులస్వామి జాతర జరిగే నాలుగైదు రోజులు వాహనాలను వేరే దారికి మళ్లిస్తారు గానీ, మిగతా రోజులన్నీ రాత్రీ పగలూ లారీల మోతే. హెచ్‌ఐవీ అంటే ఉమ్మడి రాష్ట్రమంతా వణికిన రోజుల్లో రోడ్డు పక్క ఊళ్లంటే అందరికీ అనుమానమే. కొత్తగా వచ్చిన ఒక డాక్టరుగారు నాతో అన్నారు: ‘అందరికీ ఎందుకమ్మా ఈ పరీక్ష, భర్త లారీ మీద పోయేవాళ్లకు చేస్తే సరిపోదా?’ ఆయన ఉద్దేశం చెడ్డది కాదు, కిట్లు మిగల్చాలని. కానీ అలా ఏరి చేస్తే ఆ పరీక్షకు పిలిచిన ప్రతి ఆడమనిషీ ఊరి కళ్లలో దోషి అవుతుంది, పిలవనిదాని బిడ్డకు రక్షణ ఉండదు. పైగా నేను చూసిన కొద్దిపాటి రియాక్టివ్‌లలో లారీకి సంబంధం లేని ఇళ్లే ఎక్కువ.

ఈ జబ్బుకున్న చెడ్డ గుణం, ఉన్నవాళ్లకు కూడా తెలియకపోవడం. మెలికలు తిరిగిన సన్నని సూక్ష్మజీవి ఒంట్లో చేరిన కొన్ని వారాలకు నొప్పిలేని పుండు ఒకటి వస్తుంది, మందు లేకుండానే మానుతుంది. తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లు రావచ్చు, అవీ పోతాయి. ఆపైన ఏళ్ల తరబడి ఏమీ ఉండదు. ఏమీ లేని ఆ కాలంలోనే కడుపు వస్తే, మాయ దాటి బిడ్డకు చేరుతుంది. మందు పడకపోతే సగానికి పైగా కాన్పుల్లో ఏదో ఒక నష్టం తప్పదు. బిడ్డ కడుపులోనే పోవచ్చు, నెలలు నిండకుండా పుట్టవచ్చు, పుట్టిన కొద్ది రోజులకే పోవచ్చు. బతికితే కాలేయం, ఎముకలు, కళ్లు, చెవులు దెబ్బతినవచ్చు. 2016 సంవత్సరానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనాలో ఇలా పుట్టుకతో వచ్చిన సిఫిలిస్ కేసులు 6.61 లక్షలు. పుట్టకముందో పుట్టిన వెంటనేనో పోయిన బిడ్డలే రెండు లక్షల పైచిలుకు.

ఆ రెండు లక్షల్లో మన వాటా ఎంతో లెక్కపెట్టడానికి ముందు, మన ఊళ్లలో చచ్చి పుట్టిన బిడ్డకు కారణం వెతికే అలవాటే లేదన్న సంగతి ఒప్పుకోవాలి. ఎనిమిదో నెలలో కదలిక ఆగిపోతే గ్రహణం పట్టిందంటారు, దిష్టి తగిలిందంటారు, పత్తి ఏరబోయి బరువెత్తిందని కోడలిని తిడతారు. ఆస్పత్రి కాగితంలో కూడా ‘ఐయూడీ’ అని మూడక్షరాలే ఉంటాయి. గర్భంలోనే మరణం అని దానర్థం, కారణం కాదు. టాంజానియాలోని మ్వాంజా ప్రాంతంలో మాత్రం వెతికారు. 2002లో వెలువడిన ఆ అధ్యయనంలో, పరీక్ష అందని తల్లులకు చచ్చి పుట్టిన బిడ్డల్లో సుమారు సగం మంది సిఫిలిస్ వల్లే పోయారని తేలింది. అదే ప్రాంతంలో, జబ్బున్నా ఒక్క మోతాదు పెనిసిలిన్ పడిన తల్లుల కాన్పులు జబ్బులేని తల్లుల కాన్పుల్లాగే సాగాయి. మన దగ్గర జబ్బు అంత లేదు. అయినా ఆ రెండో వాక్యాన్ని నేను చాలాసార్లు తలుచుకుంటాను. ఒక్క సూది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా చేతికిచ్చింది ఆర్‌పీఆర్ పరీక్ష. అంతకుముందు తరం వాళ్లు వీడీఆర్‌ఎల్ చేసేవాళ్లు. దానికి సీరాన్ని 56 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి, మైక్రోస్కోపు కింద చూడాలి. ఆర్‌పీఆర్‌కు కంటిచూపు చాలు. రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన సీరాన్ని తెల్ల కార్డు మీది వలయంలో వేసి, బొగ్గు రేణువులు కలిసిన ఒక చుక్క దానికి చేర్చి, ఎనిమిది నిమిషాలు కార్డును తిప్పాలి. జబ్బు లేకపోతే బూడిదరంగు అలాగే నునుపుగా ఉంటుంది. ఉంటే నల్లని రవ్వలు విడిపోయి, విరిగిన పాలలా ముక్కలు కడుతుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి సెంట్రిఫ్యూజ్‌కు కరెంటు కావాలి, యాంటిజెన్‌కు ఫ్రిజ్ కావాలి, ఫ్రిజ్‌కు మళ్లీ కరెంటే కావాలి. తిప్పే యంత్రం పాడైతే చేత్తో తిప్పాం, మణికట్టు లాగేదాకా. జబ్బు మరీ ఎక్కువగా ఉన్న రక్తం కొన్నిసార్లు ముక్కలు కట్టకుండా మోసం చేస్తుందనీ, అనుమానం వస్తే సీరాన్ని పలచన చేసి మళ్లీ చూడాలనీ మాకు నేర్పారు. వరసగా వందల కొద్దీ బూడిదరంగు వలయాలు చూసిన కంటికి అనుమానం ఎక్కణ్నుంచి వస్తుంది?

ఒక్కో రక్తానికి విడిగా కార్డు పెడితే కిట్ వృథా. అందుకని నమూనాలు పోగయ్యేదాకా ఆగేవాళ్లం. ఇంకొన్ని చోట్ల రక్తం ట్యూబులు జిల్లా కేంద్రానికి వెళ్లి, ఫలితం కాగితం వెనక్కి వచ్చేది. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు, ఏర్పాటే అలాంటిది. కానీ ఆ కాగితం తిరిగొచ్చేసరికి మనిషి ఉండేది కాదు. కాన్పు దగ్గరపడితే తల్లిగారింటికి పోవడం మన పద్ధతి. చివ్వెంల కోడలు కోదాడ పక్క ఊరి కూతురు అయిపోతుంది. తండాల్లో అయితే ఆలుమగలు కలిసి పనులకు హైదరాబాద్ వెళ్లిపోతారు. మా రిజిస్టర్‌లో రియాక్టివ్ అని ఎర్రసిరాతో రాసి ఉంటుంది, ఆమె చేతిలోని తల్లీపిల్లల కార్డులో ఆ గడి ఖాళీగా ఉంటుంది. రెండు కాగితాలూ ఎప్పటికీ ఎదురుపడవు.

నేర్చుకున్నదేమిటని అడిగితే నేను చెప్పేది ఇదే. పరీక్ష అంటే రక్తం మీద జరిగే పని అని మాకు చదువులో చెప్పారు. రక్తం తీసిన కుర్చీకీ సూది వేసే బల్లకీ మధ్య దూరం ఎంతన్నదే అసలు పరీక్ష అని ఉద్యోగం చెప్పింది. ఆ దూరం ఒక వరండా అయితే బిడ్డ దక్కుతుంది. బస్సు ప్రయాణం అయితే అనుమానమే.

కొన్నేళ్ల కిందట స్ట్రిప్పులు వచ్చాయి. వేలికొసన పొడిచి ఒక్క చుక్క రక్తం, దానిమీద ద్రావకం, పావుగంట ఇరవై నిమిషాలు. ఫ్రిజ్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, పోగయ్యేదాకా ఆగక్కర్లేదు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ ఒకేదానిమీద చూపించే జంట కిట్లూ వచ్చాయి. హెచ్‌ఐవీ కిట్ అయిపోతే పైనుంచి ఫోన్లు వచ్చేవి గానీ ఆర్‌పీఆర్ అయిపోయి నెల గడిచినా అడిగినవాళ్లు లేని రోజులు చూసినదాన్ని కాబట్టి, ఈ జంట ఏర్పాటు నాకు చాలా నచ్చింది. పెద్దింటి పిల్లతో పాటు పక్కింటి పిల్లనూ బడికి తోలినట్టే కదా అని మా సిస్టర్ నవ్వింది.

స్ట్రిప్పుతో ఒక చిక్కు మాత్రం ఎవరూ ముందుగా ఊహించలేదు. ఆశా కార్యకర్తలు ఇచ్చే నిశ్చయ్ కిట్‌తో ఇంట్లోనే కడుపు పరీక్ష చేసుకున్నవాళ్లు వీళ్లంతా. గీతలు చదవడం వాళ్లకు వచ్చు. ఒక పిల్ల బల్ల మీది స్ట్రిప్పునే చూస్తూ కూర్చుంది. రెండో గీత సన్నగా తేలుతుంటే నాకంటే ముందు ఆమే చూసింది.

‘రెండు గీతలు వచ్చినయక్కా. మంచిదే గదా?’

అప్పటినుంచి స్ట్రిప్పులను అట్టముక్క చాటున పెడుతున్నాను. దాచడానికి కాదు. ఆ గీతకు అర్థం చెప్పాల్సింది మనిషి, బల్ల కాదు.

ఏం అర్థం చెప్పాలన్నది నిజంగా కష్టమైన సంగతి. ఆ స్ట్రిప్పు ఒంట్లో పుట్టిన యాంటీబాడీని పట్టుకుంటుంది. ఎప్పుడో సోకి, ఎప్పుడో మందు పడి నయమైపోయినా ఆ గీత జీవితాంతం రావచ్చు. ఇప్పుడు జబ్బు చురుగ్గా ఉందా లేదా చెప్పడానికి మళ్లీ ఆర్‌పీఆర్ కావాలి. ఇంకొక లెక్క ఉంది. వెయ్యి మందిలో ఒక్కరికే నిజంగా జబ్బు ఉందనుకుందాం. లేనివాళ్లలో నూటికి తొంభైతొమ్మిది మందిని సరిగ్గా లేదని చెప్పే పరీక్ష మంచి పరీక్షే. అయినా ఆ వెయ్యి మందిలో సుమారు పదిమందికి లేని జబ్బు చూపిస్తుంది. పదకొండు గీతల్లో నిజమైనది ఒకటి. జబ్బు అరుదయ్యే కొద్దీ గీత మాట మీద నమ్మకం తగ్గుతుంది.

అలాగని ఆగితే బిడ్డకు ప్రమాదం. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 మార్గదర్శకాల్లో, తక్కువ వసతులున్నచోట కడుపుతో ఉన్నామెకు స్ట్రిప్పులో గీత వస్తే మొదటి సూది అప్పుడే వేసి, నిర్ధారణ ఆ తర్వాత చేసుకోమంది. ఒంటికి సంబంధించినంతవరకు ఇందులో తిరకాసు లేదు. అక్కర్లేని పెనిసిలిన్ ఒకటి పడితే నొప్పి తప్ప పెద్ద నష్టం లేదు. నష్టం ఉండేది ఇంట్లో. అక్కర్లేని అనుమానం ఒకటి పడితే దానికి విరుగుడు సూది లేదు. గీత ఎప్పుడు సోకిందో చెప్పదు, ఎవరినుంచి వచ్చిందో చెప్పదు, ఒక్కోసారి ఉందో లేదో కూడా చెప్పదు. ఇల్లు మాత్రం ఆ మూడింటికీ ఒక్క క్షణంలో జవాబు చెప్పేస్తుంది, ఆ జవాబు ఎప్పుడూ ఆడమనిషే.

మా సిస్టర్ దీనికి తనదైన పద్ధతి ఒకటి కనిపెట్టింది. ముందు అత్తను బయట కూర్చోబెట్టి బీపీ చూస్తుంది. అత్తలకు బీపీ చూపించుకోవడం ఇష్టం. ఆ సందున లోపల కోడలితో మాట్లాడుతుంది. ‘రక్తంల ఒక ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు చూపిస్తున్నది బిడ్డా. పాతదో కొత్తదో ఇప్పుడే తెల్వది. కడుపుల బిడ్డకు పోకుండ ఇయ్యాల్నే సూది వేస్తం. ఇంకో పరీక్ష చేసి వచ్చేవారం చెప్త.’ పేరు దాచదు. అడిగితే సిఫిలిస్ అనే చెబుతుంది, సుఖవ్యాధి అనదు. నేను మొదట్లో పేరు చెప్పకపోతేనే మంచిదేమో అనేదాన్ని. ‘ఆమె ఒళ్లు, ఆమె కార్డు. రేపు తల్లిగారింటికి పోతే అక్కడి సిస్టర్‌కు ఏమని చెప్తది?’ అంది. నిజమే, పేరు తెలియని జబ్బుకు రెండో సూది అడగలేం.

భర్తల దగ్గర మాత్రం ఆమె మాట ఇంకోలా ఉంటుంది. భర్తకు కూడా మందు పడకపోతే ఈమెకు మళ్లీ సోకుతుంది, చేసిందంతా వృథా. వాళ్ల మొదటి మాట అందరిదీ ఒకటే.

‘నాకేం లేదు మేడం, నేనెందుకు ఏసుకోవాలె?’

‘ఆమెకూ ఏం లేకుండె అన్నా. ఏసుకున్నది గదా.’

దీనికి ఎదురు చెప్పినవాణ్ని నేనింకా చూడలేదు. రాకుండా తప్పించుకున్నవాళ్లను చూశాను. వాళ్లను పెద్ద ఆస్పత్రుల్లో ఉండే సురక్ష క్లినిక్‌కు పంపాలి, కానీ అక్కడి బోర్డు చూసి బయటినుంచే తిరిగొచ్చేవాళ్లు ఉంటారు. ఆ క్లినిక్కుల్లో జబ్బు లక్షణాన్ని బట్టి రంగురంగుల కిట్లు ఉంటాయి. పుండ్లకు ఇచ్చే మూడో నంబరు కిట్ తెల్లది, పెనిసిలిన్ ఉండేది అందులోనే.

ఇక ఆ సూది. బెంజథీన్ పెనిసిలిన్, 24 లక్షల యూనిట్లు. మనవాళ్లకు పెనిడ్యూర్ అనే పేరుతోనే తెలుసు, కీళ్లవాతం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకు మూడు వారాలకోసారి వేసేది ఇదే. 12 లక్షల వయల్ ఒకటి కుడి పిరుదుకు, ఒకటి ఎడమకు. పొడిలో నీళ్లు కలిపితే కరిగిపోయే మందు కాదిది, చిక్కగా అలాగే తేలుతుంది. సన్నసూదితో ఎక్కిస్తే మధ్యలో అడ్డుపడుతుంది, అప్పుడు మళ్లీ పొడవాలి. లావుసూదితో నెమ్మదిగా నొక్కాలి. కండలో చేరి రోజుల తరబడి కొద్దికొద్దిగా రక్తంలోకి దిగడమే దాని బలం. సోకి రెండేళ్లు దాటని జబ్బుకు ఒక్క విడత చాలు. ఎప్పటిదో తెలియకపోతే, మన దగ్గర దాదాపు ఎవరికీ తెలియదు, వారానికొకటి చొప్పున మూడు విడతలు. కడుపుతో ఉన్నామెకు విడతల మధ్య రెండు వారాలు దాటిపోతే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. కాన్పుకు కనీసం నాలుగు వారాల ముందు పడితేనే బిడ్డకు సరైన చికిత్స అందినట్టు లెక్క.

వేరే మందు లేదా అని అడిగేవాళ్లుంటారు. కడుపులో బిడ్డకు నమ్మకంగా చేరేది ఇదొక్కటే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడు, 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబానికి అదే మొదలు. పెనిసిలిన్ పడనివాళ్లకు సిఫిలిస్‌లో ఆ కుటుంబపు డాక్సీసైక్లిన్ ఇస్తారు. కానీ బిడ్డ ఎముకలకూ పళ్లకూ మంచిది కాదు కాబట్టి గర్భిణికి పనికిరాదు. అజిత్రోమైసిన్ మాయను సరిగా దాటదు. పెనిసిలిన్ పడని గర్భిణిని పెద్ద ఆస్పత్రిలో చేర్చి, శరీరాన్ని కొద్దికొద్దిగా అలవాటుచేసి మరీ ఈ సూదే వేస్తారు.

అంత అవసరమైన మందంటే మన దగ్గర భయం. పెనిసిలిన్ అనగానే సిబ్బంది చేతులు వెనక్కి పోతాయి. ఎక్కడో ఎప్పుడో సూది పడగానే మనిషి కుప్పకూలిన కథ అందరి దగ్గరా ఒకటి ఉంటుంది. అలా జరగడం చాలా అరుదు, కానీ జరిగితే ఊరంతా వచ్చి నిలబడేది సిస్టర్ మీదికే. ముందు అడగాల్సినవి అడిగి, పరీక్ష మోతాదు చూసి, అడ్రినలిన్ ట్రే పక్కన పెట్టుకుని, వేశాక అరగంట కూర్చోబెడితే ధైర్యంగా వేయొచ్చు. ఆ ధైర్యం రోజూ వేసే చేతికి ఉంటుంది. ఏడాదికి ఒకసారి వేసే చేతికి ఎలా వస్తుంది? ఈ జబ్బు తక్కువగా ఉండటమే మా అదృష్టం, మా చిక్కు కూడా అదే. సాయంత్రానికి జ్వరం, వణుకు రావచ్చని ముందే చెప్పాలి. చచ్చిపోతున్న సూక్ష్మజీవుల వల్ల వచ్చే జ్వరం అది, ఒక రోజులో పోతుంది. చెప్పకపోతే సూది వికటించిందని ఆర్‌ఎంపీ దగ్గరికి పరుగెత్తుతారు, రెండో విడతకు ఇక రారు.

రెండు గీతలు మంచివే కదా అన్న ఆ పిల్లకు అంతకుముందు కాన్పులో బిడ్డ ఎనిమిదో నెలలో కడుపులోనే పోయింది. అప్పటి కార్డు తెప్పించి చూస్తే ఈ పరీక్ష గడిలో ఏమీ లేదు. ఆ బిడ్డ దీనివల్లే పోయిందని నేను అనను, అనడానికి ఆధారం లేదు. ఆర్‌పీఆర్ కూడా రియాక్టివ్ వచ్చింది. మొదటి సూది ఆ పూటే పడింది. రెండో వారం తల్లిగారింటికి పోయింది. అక్కడి ఆశమ్మకు ఇక్కడి ఆశమ్మ ఫోన్ చేసి, కాగితం వాట్సాప్ చేయకుండా (ఈ మాట నేను ఇష్టంగా రాస్తున్నాను) ఆమె పేరు మాత్రం చెప్పి, దగ్గర్లో ఉన్న దవాఖానలో సూది వేయించమంది. అక్కడ వేయం అన్నారు. గర్భిణికి పెనిసిలిన్ మావల్ల కాదు, పెద్దదవాఖానకు పోండి అన్నారు. చివరికి ఆమే బస్సెక్కి మా దగ్గరికి వచ్చింది, రెండో దానికి ఒకసారి, మూడోదానికి ఒకసారి, నిండుతున్న కడుపుతో, పత్తి రోజుల రద్దీలో. ఎండకు అలిసిపోయి వచ్చి కుర్చీలో కూలబడి, ‘కానీయండి సిస్టర్, మళ్ల బస్సు పోతది’ అనేది. ఆమెను మేం పట్టుకున్నాం అని రిపోర్టులో ఉంటుంది. నిజానికి ఆమే మమ్మల్ని వదల్లేదు.

ఇదంతా డబ్బులేని దేశాల గొడవ అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క. మన పిల్లలు వేలకొద్దీ వెళ్లి స్థిరపడిన అమెరికాలో 2012లో పుట్టుకతో సిఫిలిస్ ఉన్న శిశువుల కేసులు 335. 2022లో 3,761. పదేళ్లలో పదింతలకు పైగా. వాటిలో దాదాపు 90 శాతం, సమయానికి పరీక్షా చికిత్సా అంది ఉంటే ఆగేవని ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థే చెప్పింది. పరీక్ష జరిగి, పాజిటివ్ అని తెలిసి కూడా మందు సరిగా పడని తల్లులు అక్కడా ఉన్నారు. అదే వరండా దూరం. మరోవైపు క్యూబా 2015లో, తల్లినుంచి బిడ్డకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ పోకుండా ఆపిన మొదటి దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. 2019లో శ్రీలంకకూ ఆ గుర్తింపు వచ్చింది. శ్రీలంక చేతిలో మనకు లేని యంత్రమేదీ లేదు. ఇంటింటికీ వెళ్లే మంత్రసాని నర్సులు ఉన్నారు, ఏ గర్భిణి ఏ ఊరికి వెళ్లిందో వాళ్లకు తెలుసు.

మనకూ ఆ లక్ష్యం కాగితం మీద ఉంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం ఐదో దశలో హెచ్‌ఐవీతో పాటు సిఫిలిస్‌నూ తల్లినుంచి బిడ్డకు పోకుండా ఆపాలని రాసుకున్నారు. నెలనెలా తొమ్మిదో తేదీన జరిగే గర్భిణుల వైద్య పరీక్షల్లో ఇదీ ఉంది. ఆ రోజు మా వరండా నిండిపోతుంది. ఉండ్రుగొండ, కుడకుడ, గుంపుల, తండాలు, ఆటోలన్నీ బయటే. వచ్చినవాళ్లలో ఏడో నెలవాళ్లూ ఉంటారు. మూడో నెలలో పరీక్ష అయిపోయిందని వాళ్లను పంపేయకూడదని నా పట్టు. మూడో నెలలో లేనిది ఏడో నెలకు సోకి ఉండొచ్చు. అన్నిచోట్లా ఇలా రెండోసారి చేయాలన్న నియమం లేదు, కిట్లు మిగిలితేనే చేయగలం. కిట్ మిగిలిందా లేదా అన్నది ఒక బిడ్డ చెవుల సంగతి తేల్చడం నాకు సబబుగా అనిపించదు.

ఈ జబ్బు చరిత్ర చదివితే మనిషికి గర్వం, సిగ్గు ఒకేసారి కలుగుతాయి. పదహారో శతాబ్దపు భావప్రకాశంలోనే ఫిరంగ రోగం ఉంది. పాదరసం, పరంగిచెక్క తప్ప వేరే దిక్కు లేదప్పుడు. 1905లో బెర్లిన్‌లో సూక్ష్మజీవి దొరికింది. మరుసటి ఏడాదే రక్తపరీక్ష వచ్చింది. 1943లో పెనిసిలిన్‌తో మొదటి రోగులు నయమయ్యారు. అంటే కారణం, పరీక్ష, మందు మూడూ మా అమ్మ పుట్టకముందే సిద్ధం. ఆ మందుకు సూక్ష్మజీవి నేటికీ లొంగుతూనే ఉంది. మధ్యలో ఈ చవక మందు చేస్తే లాభం లేదని కంపెనీలు తగ్గిపోయి, 2014, 2016 మధ్య ఎన్నో దేశాల్లో దొరకకుండా పోయింది.

దొరకడం అనగానే మా ఫార్మసిస్ట్‌తో నాకు తరచూ పడే తగువు గుర్తొస్తుంది. ఆమెది న్యాయమైన కోపమే. తెప్పించిన పెనిసిలిన్ వయల్స్ ముట్టకుండానే తేదీ దాటిపోతాయి. ‘ఆడిట్‌ల నన్నడుగుతరక్కా, నిన్నడగరు. వాడని మందు ఎందుకు తెప్పించినవంటే ఏం చెప్పాలె? కావాల్నంటే పేషెంటు వచ్చినంక సూర్యాపేట నుంచి తెప్పిస్త’ అంటుంది. వచ్చాక తెప్పిస్తే ఎంత దూరమో ఆమెకు లెక్క చెప్పాను. ఒక మనిషికి వారానికి రెండు చొప్పున మూడు వారాలకు ఆరు. భర్తకు రెండు. ఎనిమిది వయల్స్ ఎప్పుడూ అలమరలో ఉండాలి, తేదీ దాటితే పారేసి మళ్లీ ఎనిమిది.

‘ఎనిమిదా!’ అంది. మొన్నటి ఇండెంట్‌లో ఎనిమిదే రాసింది. పక్కన, నా కళ్లముందే, ‘ల్యాబ్ మేడం మాట మీద’ అని చిన్నక్షరాలతో చేర్చి, సంతకం నన్ను పెట్టమంది.